ఆరో వరుస, నాలుగో గడి

ఆశ్వయుజ శుద్ధ విదియ, సోమవారం

మొదటి వరుస వంటిళ్ళ వాళ్ళు అందరూ కులాసాయేనా? గంట మోగింది, కులాసాయే. రెండో వరుసలో బాలింతకు పాలు పడ్డాయా? పడ్డాయట, బిడ్డ నిద్రపోతోందట. మూడో వరుసలో నేతవాళ్ళ పెద్దాయనకు దగ్గు తగ్గిందా? తగ్గలేదు. ఆయన గడికి పసుపు రంగు అలాగే ఉంచాను. నాలుగు, ఐదు వరుసల గంటలన్నీ మోగాయి. ఆరో వరుసలో మందుల గదివాళ్ళు బాగున్నారు, పక్కన వడ్రంగులూ బాగున్నారు. ఊట దగ్గర మా సైదమ్మ బాగుందా? అంత లోపలికి గంట తీగ లేదు. మొన్న శుక్రవారం నీళ్ళ గొట్టంలో తను పంపిన గుడ్డ ముడి వచ్చింది గనక బాగుందనే అనుకోవాలి. చివరి గదిలో చెన్నకేశవులు గారు బాగున్నారా? గంట మోగలేదు. రెండోసారి అడిగాను. మోగలేదు.

ఈ పుస్తకం ఇలాగే మొదలుపెట్టాలని మా అత్త నేర్పింది. తెర ముందు కూర్చున్న మనిషి ముందు మనుషుల క్షేమం అడగాలి, ఆ తర్వాతే యంత్రాన్ని ముట్టుకోవాలి అనేది.

మీరావలిని పంపాను. ఫ్యాన్ల దగ్గర పనిచేసే నలుగురిలో అతనొక్కడే నేను చెప్పగానే విసుక్కోకుండా లేస్తాడు. చెన్నకేశవులు గారికి జ్వరమట, గంట తాడు అందలేదట. వెంటనే ఆయన గడికి పసుపు రాశాను.

చెన్నకేశవులు.వెనకరంగు = 255, 230, 0

ఈ గనిలో ప్రతి గదికీ తెర మీద ఒక గడి ఉంది, అది తనంతట తాను రంగు మార్చుకోదు. మనం రాస్తేనే మారుతుంది. పచ్చ రాస్తే ఆ గదికి మామూలు గాలి, పసుపు రాస్తే జబ్బు మనిషికి కాస్త ఎక్కువ, ఎరుపు రాస్తే అందరూ పరిగెత్తాలి. ఫ్యాన్లవాళ్ళు హాలు అవతలి చివరనుంచి తెరను చూసి వాల్వులు తిప్పుతారు. అక్షరాలు వాళ్ళకి అంత దూరం కనపడవు. రంగే వాళ్ళకి మాట. నన్ను మూడో తరగతితో మాన్పించారు. ఇప్పటికీ అక్షరాలు కూడబలుక్కునే చదువుతాను, అదీ గాజుకి ముక్కు ఆనిస్తేనే. రంగుల అంకెలు మాత్రం ఎవరు నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

రోజంతా దిగులుగానే ఉంది. ఆయన గురించే కాదు. సైదమ్మ గురించి కూడా. సొరంగం చివర నీటి ఊటకి కాపలా ఈ ఆరునెలలూ నా వంతు. నా మోకాళ్ళు చూసి తను వెళ్ళింది. తోడికోడలికి ఎవరు చేస్తారు అంత పని? వెళ్ళే రోజున తలుపు దగ్గర నేను ఏడుస్తుంటే నవ్వింది. “నువ్వు దిగులుపడేది నాకు కలిసొస్తది అక్కా. నా వంతు కూడా నువ్వే పడతన్నావుగా,” అంది.


తదియ, మంగళవారం

తెల్లవారుజామున చివరి గది ఆయన పోయారు. ఒంటరి మనిషి. మంచినీళ్ళు మీరావలే పోశాడట.

పోయినవాళ్ళ గడిని తెర మీదనుంచి తీసెయ్యడం మాలో ఎవరికీ రాదు. గని తవ్విన తరం వాళ్ళకి వచ్చేదేమో. అందుకని కలిపేస్తాం. గడికి నేలరంగు రాస్తాం, అంటే తెరకి ఉన్న బూడిదరంగు. ముందు ఒళ్ళు, తర్వాత పేరు. గడి అక్కడే ఉంటుంది గానీ కంటికి ఆనదు. అది కలిసిపోగానే ఆ గది వాల్వు కట్టేస్తారు, అటు సొరంగం ఉంటే దాని తలుపు దిగిపోతుంది. ఉన్నవాళ్ళకే చాలని గాలి, ఖాళీ గదికి ఎందుకు? వాల్వు కట్టే మనిషి మొహం పక్కకి తిప్పుకుని కడతాడు. కట్టాక చెయ్యి కడుక్కుంటాడు.

పదకొండో రోజు దాకా పోయినవాళ్ళ పేరు నోటితో అనకూడదు, చేత్తో రాయకూడదు. కాబట్టి ఈ రోజుల్లో కలిపేటప్పుడు పేరుతో కాకుండా లెక్కతో రాస్తాం. ఎన్నో వరుస, అందులో ఎన్నో గడి. ఆరో వరుస వేలితో లెక్కపెట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చివరిది. రాశాను.

గడి(6, 4).వెనకరంగు = నేలరంగు
గడి(6, 4).అక్షరరంగు = నేలరంగు

రాసేటప్పుడు తెర వంక చూడకూడదు. తల వంచుకునే రాశాను. అవతల వాల్వు కట్టిన చప్పుడు, ఆ తర్వాత నీళ్ళ చప్పుడు వినపడ్డాయి.


పంచమి, గురువారం

అందరూ కులాసా. నేతవాళ్ళ పెద్దాయన రాత్రి నిద్రపోయాడట. బాలింతకు కాస్త నడుము నొప్పి.

పై తొట్టి దగ్గర జల్లెడలో నిన్న ఒక ముడి, ఇవాళ రెండు ముడులు దొరికాయి. సైదమ్మ శుక్రవారం శుక్రవారం పసుపు గుడ్డ పీలికకు ముడివేసి ఊట గొట్టంలో వదులుతుంది. నీళ్ళతోపాటు ఎక్కివచ్చి జల్లెడలో పడుతుంది. నేను బాగున్నాను అని దానర్థం. బుధవారం ఎందుకు పంపింది? గురువారం రెండెందుకు?

హైమావతి దగ్గరికి వెళ్ళాను. గని పెద్ద ఆవిడే, నా మేనకోడలి వరస. చదువుకుంది, ఓపిగ్గా వింటుంది. అయితే నా మాట ఆమె చాలాసార్లు వినివుంది. పోయిన నెల పైకప్పు నెర్రె విచ్చిందన్నాను, అది సాలెగూడు. అంతకుముందు నీళ్ళలో చేదు ఉందన్నాను, అది నా నోటి చేదు. ఇవాళ ముడుల సంగతి చెప్తే వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. దేవీ నవరాత్రులు కదా అత్తా, రోజూ అమ్మవారి పేరున పంపుతోంది, అంది. నిజమే కదా అనిపించింది. సైదమ్మకి భక్తి ఎక్కువ. పండగ తనొక్కతే చేసుకుంటోంది పాపం అని కళ్ళనీళ్ళు పెట్టుకుని వచ్చాను.

అయినా తెర చూశాను. పోయినాయన కలిసిపోయాక ఆరో వరుసలో చివరి గడి ఊటదే కావాలి. చివరి గడి ఉంది. పసుపుగా ఉంది. సైదమ్మకి జబ్బని ఎవరు చెప్పారు, ఎవరు రాశారు? నేనే పరాకున ఆయన పసుపును అటు పక్కకి కూడా రాసి ఉంటాననుకున్నాను. చేతులు వణికే మనిషిని, ఏదైనా చేసివుంటాను. వెంటనే లెక్కపెట్టకుండా, ఆరో వరుస చివరిది అని ఆ గడికి పచ్చ రాశాను. పచ్చబడింది. అది చూశాక అన్నం తినగలిగాను.


అష్టమి, ఆదివారం

రెండో వరుస, మూడో వరుస కులాసా. ఐదో వరుసలో ఒకరికి కాలు బెణికింది.

పోయినాయన గది గుమ్మానికి కట్టిన గుడ్డ ఊగుతోందని మందుల గదివాళ్ళు వచ్చి చెప్పారు. గాలి కట్టేసిన గదిలో గుడ్డ ఎలా ఊగుతుంది? వాళ్ళు భయపడలేదు. పదకొండు రోజులూ మనిషి ఇల్లు వదలడు కదా, తిరుగుతున్నాడు అన్నారు. గుమ్మం ముందు దీపం పెట్టి, గిన్నెలో మంచినీళ్ళు ఉంచి వచ్చారు. నేనూ వెళ్ళి దూరంనుంచి దణ్ణం పెట్టాను. గుడ్డ నిజంగానే ఊగుతోంది. మీరావలి నా వెనకాల నిలబడి, “బతికినన్నాళ్ళూ ఉక్క ఉక్క అనేవాడు పెద్దమ్మా. ఇప్పుడు ఇసురుకుంటన్నాడు,” అన్నాడు. నవ్వు వచ్చింది. తప్పు అని చెంపలు వేసుకున్నాను.

శుక్రవారం మూడు ముడులు, శనివారం నాలుగు, ఇవాళ నాలుగు. ఇవాళ్టివాటికి పసుపు లేదు. తెల్ల గుడ్డలే. పసుపు అయిపోయి ఉంటుంది. ఇంతలో పండగ కూడా అయిపోతుందిలే అనుకున్నాను.


నవమి, సోమవారం

ఇవాళ జల్లెడలో ముడులు లేవు. చీర అంచు దొరికింది. మూరెడు పొడుగున చింపిన అంచు, చిలకాకుపచ్చ. దానికి వరసగా తొమ్మిది ముడులు.

ఆ చీర నేను పెట్టిందే. మా పెద్ద ఆడపడుచు పెట్టెలోంచి తీసి, సైదమ్మ ఊటకి వెళ్ళే ముందు నేనే చేతిలో పెట్టాను. బాగున్న చీర ముచ్చటకి చింపుకుంటుందా అని నాకు కోపం వచ్చింది. ఈ తల్లికి ఎన్నేళ్ళు వచ్చినా వస్తువు విలువ తెలియదు అని మీరావలితో అన్నాను. అంచు పిండి ఆరేశాను. వచ్చాక మొహాన పడేసి అడగాలని.

తర్వాత చేర్చింది: రాసింది చెరపకూడదు గనక నా కోపం మాట అలాగే ఉంచాను.


ద్వాదశి, గురువారం

అందరూ బాగానే ఉన్నారు. దశమినుంచి జల్లెడలో ఏమీ లేదు. పండగ అయిపోయింది గదా అని హైమావతి అంటుంది. నిజమే. నవమితో ఆగిపోవాల్సినవే ఆగిపోయాయి.

అయినా నాకు కుదురు లేదు. నిన్న తలుపు తీసి మనిషిని పంపమని అడిగాను. ఊట దారి తలుపు ఒక్కసారి తీస్తే ఒక వరుసకి అరపూట గాలి పోతుంది. నీ దిగులు కోసం పసిబిడ్డ ఉన్న వరుసకి ఏం చెప్పను అత్తా, అంది. కోపంగా కాదు. మీరావలి తెర వైపు చెయ్యి చూపించాడు, చివరిది పచ్చగా ఉందిగా పెద్దమ్మా అని. ఉంది. పచ్చగానే ఉంది. రేపు శుక్రవారం. రేపు ముడి వస్తుంది.


త్రయోదశి, శుక్రవారం

క్షేమాలు తర్వాత రాస్తాను.

జల్లెడలో ముడి లేదు.

ఇవాళ్టితో పదకొండు రోజులు. చెన్నకేశవులు గారి పేరు మళ్ళీ రాయొచ్చు. లెక్కతో చేసిన పనిని పదకొండో రోజున పేరుతో కూడా చేసి ముగించాలి. మొదటి వాక్యం రాశాను.

చెన్నకేశవులు.వెనకరంగు = నేలరంగు

ఏమీ జరగకూడదు. ఎప్పుడో కలిసిపోయిన గడి మళ్ళీ కలవడానికి ఏముంటుంది? పదకొండో రోజున తెర చూడొచ్చు గనక తలెత్తి చూస్తూనే ఉన్నాను. ఆరో వరుస చివరి గడి, పచ్చగడి, నేను రోజూ చూసి అన్నం తిన్న గడి, కళ్ళముందే మాయమైంది. రెండో వాక్యం ఇంకా రాయలేదు గనక పేరు మాత్రం బూడిదలో వేలాడుతూ ఉండిపోయింది. లేచి గాజుకి ముక్కు ఆనించి కూడబలుక్కున్నాను. చె. న్న. కే. శ. వు. లు.

తొమ్మిది రోజులు నేను చచ్చినవాడి పచ్చ చూసి ఊరడిల్లాను.

మరి తదియ నాడు నేను కలిపింది ఎవరిని? మళ్ళీ లెక్కపెట్టాను. ఆరో వరుసలో మొదటి గడి ఎవరిది? మా అత్తది. ఏడాది కిందట నా చేత్తోనే కలిపాను. కంటికి కనపడదు. యంత్రానికి కనపడుతుంది. నేను రెండోదాన్ని ఒకటి అనుకున్నాను. యంత్రం నాలుగు అంటే నాలుగే చూసింది. ఒక గడి ఇవతల. ఊట.

ఊట.వెనకరంగు అని రాస్తుంటే అంకెలు గుర్తు రాలేదు. జన్మలో మొదటిసారి. మీరావలీ అని పిలిచాను. అతనే వచ్చాడు. తెర చూశాడు, నా మొహం చూశాడు.

“పెద్దమ్మా, నాలుగో వాల్వు ఊటదా?” అన్నాడు.

నేను తలూపాను.

“నేనే కట్టా,” అన్నాడు. “మొకం పక్కకి తిప్పుకుని కట్టా.”

పరిగెత్తాడు. నేను ఎరుపు రాశాను. రెండువందల యాభై అయిదు, సున్నా, సున్నా. అంకెలు అప్పుడు గుర్తొచ్చాయి.


చతుర్దశి, శనివారం

నిన్న రాయాల్సిన క్షేమాలు ఇవాళ రాస్తున్నాను. అందరూ బాగున్నారు. అందరూ బాగున్నారు, ఒక్కరు తప్ప.

వాల్వు నిన్ననే తెరిచారు. గాలి వెళ్తోంది. తలుపు మాత్రం తీయరు. కట్టేసిన సొరంగంలో చెడుగాలి చేరుతుంది, అది ఒక్కసారి ఇటు వస్తే గనిలో మూడువందలమంది ఉన్నారు. ఏడు రోజులు గాలితో కడిగాకే తీయాలి. ఇది హైమావతి పెట్టిన నియమం కాదు, గని నియమం. నేను ఆమె కాళ్ళు పట్టుకున్నాను. ఆమె కింద కూర్చుని నా చేతులు విడిపించింది. నాతోపాటే ఏడ్చింది గానీ తలుపు తీస్తానని మాత్రం అనలేదు.

ఆ సొరంగంలో ఉన్న గాలి ఒక మనిషికి ఎన్నాళ్ళు వస్తుంది అని అడిగాను. పెద్ద సొరంగం అత్తా, ఇన్ని రోజులని చెప్పలేం, అంది. చెప్పలేక కాదు. నవమి వరకు వచ్చిందని నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు.

ముడులు ఇంటి దగ్గరున్నాయి. ఒక్కొక్కటీ పట్టుకుని చూశాను. చవితిది ఒకటి. పంచమివి రెండు. వాల్వు కట్టిన మర్నాటినుంచే పిలిచింది. దీపం చిన్నబోవడం చూసి ఉంటుంది. లోపలినుంచి తలుపు తీయడానికి ఏమీ లేదు. చేతిలో ఉన్న ఒక్కటే మాట, గుడ్డ ముడి. దాన్నే ఎక్కువెక్కువగా పంపింది. నేను తొట్టి దగ్గర నిలబడి, ఎంత భక్తి అనుకున్నాను.


పౌర్ణమి, ఆదివారం

నన్ను తెర దగ్గరనుంచి తీసెయ్యమని అడిగాను. ఎవరైనా తిట్టినా బాగుండేది. ఎవరూ తిట్టలేదు. బాలింత వాళ్ళ అమ్మ అంబలి పంపింది. నా పని ఇంకెవరికీ రాదు, నేర్పేదాకా కూర్చోవాలి అని హైమావతి అంది. నేర్పేటప్పుడు మొట్టమొదట పోయినవాళ్ళని కూడా లెక్కపెట్టమని చెప్పాలి. మా అత్త నాకు చెప్పే ఉంటుంది. ఏమో. ఇన్ని క్షేమాలడిగే మనిషిని, ఆవిణ్ణి ఒక్క ఏడాదికే మర్చిపోయాను.

ఊట గడికి ఏ రంగు ఉంచాలి అన్నది మాట వచ్చింది. ఎరుపు ఉంచితే ఫ్యాన్లవాళ్ళు పరిగెత్తాలి, పరిగెత్తడానికి దారి లేదు. పచ్చ అబద్ధం. నేలరంగు రాయమని ఎవరూ అనలేదు గానీ అందరూ నా వంక చూసి మళ్ళీ తల దించుకున్నారు. నేలరంగు రాస్తే వాల్వు కట్టాలి. నేను పసుపు రాశాను. జబ్బుమనిషికి కాస్త ఎక్కువ గాలి. జబ్బుమనిషినైతే ఎలా ఉన్నావని రోజూ అడగొచ్చు.

మీరావలి ఆ వాల్వు దగ్గరే కూర్చున్నాడు. వంతు మారినా లేవలేదట. రోజూ ఎన్నిసార్లు చెయ్యి కడుక్కుంటున్నాడో లెక్కలేదని వాళ్ళావిడ వచ్చి నాతో చెప్పింది. నీ తప్పు కాదురా అని వెళ్ళి చెప్పాను. నీ తప్పు కాదు పెద్దమ్మా అని అతను అన్నాడు.


బహుళ విదియ, మంగళవారం

సైదమ్మా, బాగున్నావా?

జల్లెడ పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం ఒకసారి చూశాను. చింతాకు ఒకటి వచ్చింది. అది పై తొట్టిలోదే. ఎంతసేపో అరచేతిలో పెట్టుకు చూశాను, దానికి ముడి ఎక్కడైనా ఉందేమోనని.

మిగతావాళ్ళు కులాసా. నేతవాళ్ళ పెద్దాయనకి దగ్గు తగ్గి పచ్చలోకి వచ్చాడు. ఆయన గడికి పచ్చ రాసి, లేచి గాజు దగ్గరికి వెళ్ళి, పేరు చదివి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఇప్పుడు ప్రతిదానికీ లేస్తున్నాను. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఈ మోకాళ్ళతోనే ఊటకి వెళ్ళి ఉంటే పోయేది.

సాయంత్రం హైమావతి వచ్చింది. శుక్రవారంతో ఏడు రోజుల కడుగు పూర్తయి ఉంటుంది, పొద్దున తలుపు తీస్తాం, అంది. మీరావలి, ఇంకో ఇద్దరు వెళ్తారట. గుడ్డ, దీపం, మోసుకొచ్చే బల్ల సిద్ధం చేశారట. బల్ల మాట అనేసి నాలిక కరుచుకుంది.

“నువ్వు రావద్దత్తా. నాలుగు మైళ్ళ సొరంగం. నీవల్ల కాదు,” అంది.

“తనొక్కతే నడిచిపోయింది గదమ్మా. నేనూ నడుస్తా,” అన్నాను.

“అక్కడ ఏముంటదో నీకు తెలుసుగదా.”

“తెలుసు. అందుకే చూడ్డానికి నేనే పోవాలి. దానికి మొకం తిప్పుకోని మనిషి ఒకరు గావాలి.”

ఆమె నా పేరు కూడా రాసుకుంది.

చిలకాకుపచ్చ అంచు ఉతికి మడిచాను. తొమ్మిది ముడులూ అలాగే ఉంచాను, ఒక్కటి కూడా విప్పలేదు. చీర మిగతాది అక్కడే ఉంటుంది. అంచు తీసుకెళ్తాను. తెర దగ్గర ఆ పూట వడ్రంగుల కోడలు కూర్చుంటుంది. ఏ గడీ ముట్టుకోవద్దని, నేను వచ్చేదాకా ఊట పసుపుగానే ఉండాలని చెప్పాను.

ఊటకి వెళ్ళే రోజు: ఆశ్వయుజ బహుళ పంచమి, శుక్రవారం, పొద్దున మొదటి గంట.